కాలువకు ఇవతలి పిల్లలు

మా మనవరాలిని ఒకటో తరగతిలో చేర్చడానికి రోడ్డు బడికి వెళ్ళిన రోజు, అక్కడి పెద్ద టీచర్ నా చేతిలోంచి రేషన్ కార్డు తీసుకుని, తిప్పి వీధి పేరు చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. దరఖాస్తు కాగితాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. అందులో ఒకటి తీసి ఇవ్వడానికి ఆమె చెయ్యి కదలలేదు.

"మీ వీధి మాకు రాదు పాట్టీ. మీది కాలవకు అవతల. మీ పిల్లలు మీ బడికే పోవాల," అంది.

ఆమె ఇంట్లో తమిళం మాట్లాడే మనిషి. మాతో మాత్రం మా తెలుగులోనే మాట్లాడుతుంది. పెద్దవాళ్ళను అవ్వా అన్నట్టు ‘పాట్టీ’ అంటుంది. మర్యాదకు లోటు చెయ్యదు, నాకు కుర్చీ కూడా వేసింది. అంత మర్యాదగా చెబుతుంటే, ఆమె కాదంటోందని మొదట నాకు తట్టనే లేదు.

"రాదంటే ఏంది టీచర్? ఇదీ సర్కారు బడే కదా?"

"సర్కారు బడే. అయితే దీనికొక హద్దుండాది. కాలవ వరకే మాది."

పొలాలకు హద్దు రాళ్ళుంటాయని నాకు తెలుసు. రాయి ఒక జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కడం చూశాను. అయిదేళ్ళ పిల్లకు కూడా హద్దు ఉంటుందని ఆ రోజే విన్నాను.

నేను కుర్చీలోంచి లేవకముందే గేటు ముందర వ్యాన్ వచ్చి ఆగింది. అందులోంచి పిల్లలు బిలబిలా దిగారు. కొందరి ఊళ్ళు నాకు తెలుసు. ఒక పిల్లవాడు రైసుమిల్లు ఆయన మనవడు. వాళ్ళ ఇల్లు మాకు మూడు ఊళ్ళ అవతల. ఆ పిల్లలు మా కాలువనే కాదు, ఒక ఏరును, రెండు చెరువులను దాటి వచ్చారు.

"మరి వాళ్ళు యాడోళ్ళు టీచర్?" అని అడిగాను.

ఆమె రిజిస్టరు తెరిచి అందులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. "వాళ్ళ సంగతి వేరే పాట్టీ," అంది.

ఆ వేరే సంగతి ఏమిటో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

మా ఊరు తమిళనాడులో, తిరుత్తణి నుంచి అత్తిమంజేరిపేటకు పోయే బస్సు దారిలో ఉంది. ఒకే పంచాయతీ, రెండు సర్కారు ప్రాథమిక బడులు. ఒకటి రోడ్డు మీద ఉంది కాబట్టి దాన్ని రోడ్డు బడి అంటాం. ఇంకొకటి మామిడి తోపు వెనకాల ఉంది. దాన్ని ‘మా బడి’ అంటాం, వేరే పేరు ఎవరూ పెట్టలేదు. రెండింటి మధ్యలో చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ పారుతుంది. మా వీధి కాలువ ఒడ్డునే ఉంది. వీధి చివర చిన్న కల్వర్టు దాటితే రోడ్డు బడి గోడ కనిపిస్తుంది. మా వాకిట్లో కూర్చుంటే ఆ బడి గంట వినిపిస్తుంది. మా బడి గంట వినబడదు. దానికి పోవాలంటే వీధంతా నడిచి, తోపు చుట్టూ తిరిగి, బురదలో దిగి ఎక్కాలి.

నా చిన్నప్పుడు రెండు బడులూ ఒకలాగే ఉండేవి. రెండింటికీ పెంకులే, రెండింటిలోనూ నేల మీదే కూర్చునేవాళ్ళు. నేను దేంట్లోనూ చదవలేదు, కాని మేకలు తోలుకుంటూ రెండింటి ముందర నుంచీ పోయేదాన్ని. తర్వాత రోడ్డు బడికి ఒక్కొక్కటే వచ్చాయి. ముందు కాంపౌండు గోడ వచ్చింది. తర్వాత టైల్సు, నీళ్ళ ట్యాంకు, గోడకు పెద్ద టీవీ, ఇంగ్లీషు మీడియం. అధికారి ఎవరొచ్చినా జీపు ఆ గేటు ముందరే ఆగుతుంది. ఆగిన చోట ఏదో ఒకటి మంజూరు చేసి పోతారు. టీచర్లకూ ఆ బడే కావాలి. బస్సు దిగితే గేటు. మా బడికి రావాలంటే బస్సు దిగి కాలువ గట్టు మీద నడవాలి, వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకోవాలి. బదిలీ మీద మా బడికి వచ్చినవాళ్ళు సంచీ కిందపెట్టకముందే ఇంకో బదిలీకి రాసుకుంటారు.

మా బడిలో రెండు గదులు. ఒక దాంట్లో కప్పు పెచ్చులు రాలుతుందని తాళం వేశారు. మిగిలిన గదిలో అయిదు తరగతులు నాలుగు గోడల వైపు తిరిగి కూర్చుంటాయి. అయిదో తరగతికి గోడ మిగల్లేదు, తలుపు వైపు తిరిగి కూర్చుంటారు. టీచర్లు ఇద్దరు. ఇన్‌చార్జి సారు ఎప్పుడూ యూనియన్ ఆఫీసుకు, అంటే మండలాఫీసు లాంటిదానికి, ఏదో ఒక కాగితం పట్టుకుని పోతూ ఉంటాడు. లేదంటే ఓటరు జాబితా పట్టుకుని ఇళ్ళ వెంట తిరుగుతాడు. మిగిలింది ఒక చిన్న టీచరమ్మ. ఆ పిల్ల గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోతుంది. మోటరు కాలిపోయి దొడ్లో నీళ్ళు రావు. పెద్ద క్లాసు ఆడపిల్లలు అవసరం వస్తే ఇంటికి పరిగెత్తుకొస్తారు. తిండి విషయంలో మాత్రం అబద్ధం చెప్పను. పొద్దుటి ఉప్మా, మధ్యాహ్నం గుడ్డు, రెండు బడుల్లోనూ ఒకటే. పిల్లలకు కడుపులు ఒకటేనని ఎవరో కనిపెట్టారు. తలకాయలు కూడా ఒకటేనని ఇంకా కనిపెట్టలేదు.

మనవరాలు నా దగ్గరే పెరుగుతోంది. కూతురూ అల్లుడూ గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. ఒక్క గది అద్దెకు తీసుకున్నారు. ఆమెకు పగలు షిఫ్టు అయితే అతనికి రాత్రి షిఫ్టు, అందుకని బిడ్డను నా దగ్గర వదిలారు. నా కూతురు చదివింది మా బడిలోనే. ఆరో తరగతికి హైస్కూలుకు పోయిన మొదటి రోజు, రోడ్డు బడి నుంచి వచ్చిన పిల్లలు లేచి ఇంగ్లీషు పాఠం చదువుతుంటే, తను పుస్తకంలో ఎక్కడ చదువుతున్నారో కూడా పట్టుకోలేక కూర్చుందట. పదో తరగతి దాటేవరకూ ఆ వెనక బెంచీలోంచి ముందుకు రాలేదు. ఫ్యాక్టరీలో ఇప్పటికీ ప్యాకింగే. మిషను దగ్గర నిలబడాలంటే మిషను మీద రాసింది చదవాలి కదా.

అందుకే ఆ వేసవి అంతా ఫోనులో ఒకే పాట. "అమ్మా, ఎట్లయినా రోడ్డు బడిలోనే ఎయ్యి. నేను చదివిన దాంట్లో మాత్రం వద్దు. నా మాదిరి కాకూడదు నా బిడ్డ."

"ఎయ్యకుండా యాడికి పోతాలే. మన వాకిట్లోనే కదా ఉండేది ఆ బడి," అని నేను ధీమాగా చెప్పాను.

పెద్ద టీచర్ కాదన్నాక నేను ఊరుకోలేదు. హద్దు ఎవరు గీశారో అడుగుదామని యూనియన్ ఆఫీసుకు పోయాను. మూడోసారి పోయినప్పుడు అక్కడి గుమాస్తా విసుక్కుంటూ ఒక ఫైలు దించాడు. దుమ్ము ఊది, ఒక కాగితం తీసి నా ముందర పెట్టాడు.

"మమ్మల్ని అడుగుతావేందమ్మా? మీరే కదా ఒప్పుకున్నారు. ఇదో, తీర్మానం."

కాగితం అంతా తమిళం. అడుగున తొమ్మిది సంతకాలు తెలుగులో ఉన్నాయి. అయిదోది నాది.

ఆ కాగితం నాకు గుర్తుంది. అది పెట్టిన రోజు కూడా గుర్తుంది. నేను ఆ రోజు కొత్త చీర కట్టుకున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. మా బడిలో అప్పట్లో ఒక తెలుగు అయ్యవారు ఉండేవాడు. రిటైరయ్యే ముందు రెండేళ్ళు, సాయంత్రం పనుల నుంచి వచ్చాక, బడి వరండాలో మా వీధి ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పాడు. ఆయనకు తెలుగే వచ్చు, మాకూ ఇంట్లో తెలుగే, కాబట్టి తెలుగే నేర్పాడు. తమిళం మేము పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతాం, పోట్లాడుతాం, బేరం ఆడుతాం. చదవడం మాత్రం రాదు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. తెలుగు క్లాసులు ఆగిపోయి బడి అంతా తమిళం అయింది. మా చేతుల్లో మాత్రం తెలుగు సంతకాలు మిగిలాయి.

అంతకు ముందు మేమంతా వేలిముద్రలే. వేలిముద్రకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బ్యాంకులో అయినా, సంఘంలో అయినా, చదువు వచ్చిన మనిషి ఒకరు కాగితం గట్టిగా చదివి వినిపించాలి. మేము అర్థం అయిందని తల ఊపాలి. అప్పుడే ముద్ర వేస్తాం, ఆయన పక్కన సాక్షిగా రాస్తాడు. మా అమ్మ ముసలితనంలో కూడా, చదవకుండా ముద్ర అడిగితే బొటనవేలు పిడికిట్లో దాచుకునేది. సంతకం వచ్చాక మేము ఆ పద్ధతి వదిలేశాం. సంతకం పెట్టే మనిషి చదివి వినిపించమని అడిగితే నామోషీ కదా. మేమే కాదు, ఈ సరిహద్దు ఊళ్ళలో మాలాంటి తెలుగు ఆడవాళ్ళు ఎంతమంది ఇట్లా తెలుగు సంతకాలు తమిళ కాగితాల కింద పెట్టి ఉంటారో.

పోయిన ఏడాది బడులు తెరిచాక బడి కమిటీ మీటింగు జరిగింది. మహిళా సంఘం తరఫున నేనూ సభ్యురాలినే. అప్పటి ఇన్‌చార్జి సారు కాగితం తెచ్చి, "మన బడి మూతపడకుండా ఉండేదానికి ఇది," అన్నాడు. బడి మూతపడకూడదని మాకూ ఉంది. పెన్ను చేతులు మారింది. అంతే.

ఇప్పుడు గుమాస్తాను చదవమన్నాను. అతను గడియారం చూసుకుని చదివాడు. కాలువకు ఇవతలి నాలుగు వీధుల పిల్లలు మా బడిలోనే చేరాలట. రోడ్డు బడి వాళ్ళు ఆ వీధుల పిల్లలను చేర్చుకోకూడదట. దానికి బదులుగా మా బడికి ఇంకో ఇద్దరు టీచర్లు ఇవ్వాలని, కప్పు బాగు చెయ్యాలని, నీళ్ళు ఏర్పాటు చెయ్యాలని కమిటీ కోరుతోందట.

"అయ్యా, మొదటి సగం జరిగిందా?" అన్నాను.

"జరిగింది కదా. అందుకే కదా మీరు వచ్చినారు."

"రెండో సగం?"

"అది పైనుంచి రావాలమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లలను కట్టెయ్యడానికి పైనుంచి ఏదీ రానక్కర్లేదు, ఒక్క కాగితం చాలు. కట్టేసిన చోట టీచరును నిలబెట్టడానికి మాత్రం పైనుంచి రావాలి. ఆ మాట అతనితో అన్నాను. అతను ఫైలు కట్టేస్తూ, "చదువొచ్చినోళ్ళు, చదివే కదమ్మా సంతకం పెట్టింటారు," అన్నాడు. అందులో వెటకారం కూడా లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు.

మర్నాడు నూరు రోజుల ఉపాధి పనిలో ఈ సంగతి చెప్పాను. ఆ వారం మాకు ఇచ్చిన పని ఆ కాలువలోనే, పూడిక తియ్యడం. గట్టు మీద కూర్చుని పొట్లాలు విప్పేటప్పుడు చెబితే, ముందు ఎవరూ నమ్మలేదు.

"పో వదినా. మనం ఒప్పుకున్నామా? నేను ఒప్పుకుంటే నాకు తెలీదా?" అంది మా పక్కింటామె. ఆమె మనవడూ ఆ ఏడే ఒకటో తరగతికి రావాలి. మా వీధిలో ఆ ఏడు బడికి రావాల్సిన పిల్లలు ఎనిమిది మంది.

"నీ సంతకం మూడోది. నేను చూసినాను."

"నేను రెండు సార్లు కొట్టేసి రాసినానే, అది చెల్తాదా?"

"చెల్లింది కదమ్మే. చెల్లబట్టే ఇట్లా కూర్చోనుండాం."

ఒకామె నవ్వి నా వైపు చెయ్యి చూపించింది. "అక్క ఆ రోజు ఎంత వగలు పోయిందనీ! పెన్ను మూత పళ్ళతో ఊడబెరికి, కళ్ళజోడు లేకపోయినా ఉన్నట్టు ముక్కు మీద ఏలు పెట్టుకోని..."

"నువ్వేం తక్కువ తిన్నావా? నీ మొగుడి పేరు కూడా రాస్తానని పట్టు పట్టలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక పక్కింటామె పారతో బురద గీకుతూ, "రైసుమిల్లాయన మనవడు వస్తాడే ఆ బడికి. వాళ్ళకు కాలవ లేదా?" అంది.

"వాళ్ళది వ్యాను కదా. చక్రాలుంటే దూకేస్తాది," అన్నారు ఎవరో.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజే అనుకున్నాం, ఎనిమిది ఇళ్ళ వాళ్ళమూ కలిసి తిరువళ్ళూరు పోయి కలెక్టరు ఆఫీసులో మను, అంటే అర్జీ, ఇద్దామని. సోమవారం సోమవారం అక్కడ అందరి దగ్గరా అర్జీలు తీసుకుంటారు. తిరుత్తణిలో పొద్దుటి రైలెక్కాం. పెట్టె నిండా కంపెనీలకు పోయే పిల్లలు, ఒక్కరూ తల ఎత్తరు, ఫోనులే. మా పక్కింటామె ఎప్పుడు రైలెక్కినా దొంగలు లాక్కుంటారని పుస్తెలతాడు జాకెట్టులోకి దోపుకుంటుంది. ఆ రోజు మాత్రం తాడు సంగతి మరిచిపోయి, పిల్లల పుట్టిన పత్రాల కవరును గుండెకు అదుముకుని కూర్చుంది.

ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసిపెట్టే ఆయన ఉన్నాడు. తమిళంలో రాశాడు. నేను చదివి వినిపించమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమన్నాను.

"ఏమ్మా, నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉందయ్యా. నా మీదే లేదు."

రెండోసారి చదివినప్పుడు తెలిసింది, ‘ఎనిమిది మంది పిల్లలు’ అనే మాట వదిలేశాడని. ‘కొందరు పిల్లలు’ అని రాశాడు. మార్పించాను. లోపల తీసుకున్నవాళ్ళు మర్యాదగానే తీసుకున్నారు, ముద్ర కొట్టి నంబరు ఇచ్చారు. వచ్చేటప్పుడు రైల్లో ఆ నంబరు చీటీ చేతులు మారుతూ వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు అంకెలు చదివారు. అంకెలు అందరికీ వచ్చు.

పది రోజులు పోయాక రోడ్డు బడి ఆయా వచ్చి, పెద్ద టీచర్ నన్ను రమ్మంటోందని చెప్పింది. "నిన్నొక్కదాన్నే," అంది. నేను అప్పుడే పసిగట్టి ఉండాల్సింది.

పెద్ద టీచర్ తలుపు దగ్గరగా వేసింది. మేమిచ్చిన మను తిరిగి తిరిగి ఆమె బల్ల మీదకే వచ్చిందట, జవాబు రాయమని. ఆమె మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"చూడు పాట్టీ. ఆ గీత మీ బడిని కాపాడేదానికే గీసినారు. అది లేకపోతే మీ వీధోళ్ళంతా ఈడికే వచ్చేస్తారు, ఆ బడి మూతపడిపోతాది. అప్పుడు కూలోళ్ళ పిల్లలు యాడికి పోతారు?"

"కాపాడేదానికి గీత గీసినారు, సరే. గీత లోపల ఏమన్నా పెట్టినారా టీచర్? ఈడ అయిదు మంది టీచర్లు. ఆడ ఇద్దరు, అందులో ఒకరు ఎప్పుడూ రోడ్డు మీద. మీ పిల్లకాయలు టీవీలో పాఠం చూస్తా ఉండారు. మా పిల్లకాయలు పెచ్చులు ఎప్పుడు పడతాయా అని కప్పు చూస్తా ఉండారు."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "నీ మనవరాలి ఆధార్ గుమ్మిడిపూండి అడ్రసుతో ఉండాది కదా?"

"అవును. వాళ్ళ అమ్మానాన్న ఆడ కదా ఉండేది."

"అయితే ఆ పాప బయట ఊరి పాప. తీర్మానం మన పంచాయతీ వీధులకు మాత్రమే. బయటోళ్ళకు హద్దు లేదు. నేను రాసుకుంటాను. మిగిలినోళ్ళకు మాత్రం చెప్పొద్దు."

వ్యాను పిల్లల వేరే సంగతి అప్పుడు అర్థమయింది. మూడు ఊళ్ళ అవతల పుట్టినవాడికి ఈ గేటు తెరిచి ఉంటుంది. గంట వినబడేంత దగ్గర పుట్టినవాడికి మూసి ఉంటుంది. మా వీధి బిడ్డ, మా వీధిలో తిని మా వీధిలో పడుకునే బిడ్డ, కల్వర్టు దాటాలంటే గుమ్మిడిపూండి నుంచి వచ్చినట్టు రాయించుకోవాలి. ఎవరికి తట్టింది ఈ న్యాయం? ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు. అన్నీ కాగితం ప్రకారమే. ఆ మాటే నన్ను ఎక్కువ మండించింది.

మిగిలిన ఏడుగురూ ఏం కావాలని అడిగాను. "పై నుంచి జవాబు వస్తే చూద్దాం," అంది. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

ఆదివారం కూతురు వచ్చింది. నేను చెప్పడం పూర్తి కానివ్వలేదు.

"ఇంకేంది ఆలోచన? రేపే పోయి చేర్పించు."

"ఎనిమిది ఇళ్ళోళ్ళం కలిసి పోయినామే. నేనొక్కదాన్ని ఎట్ల..."

"వాళ్ళు నాకు తిండి పెట్టినారా? నీ రోషానికి నా బిడ్డను కట్టెయ్యొద్దమ్మా. నన్ను ఆ గదిలో కూర్చోబెట్టినప్పుడు నీకు తెలీదు, సరే. ఇప్పుడు తెలిసి కూర్చోబెడతావా?"

సోమవారం పొద్దున మనవరాలికి తల దువ్వి, చెయ్యి పట్టుకుని కల్వర్టు దాటాను. మా హక్కును నా చేతిలో దయగా పెట్టారు, నేను తీసుకున్నాను. దాన్ని వేరే పేరు పెట్టి చెప్పను.

చెప్పొద్దు అంటే దాగుతుందా? ఆ సాయంత్రమే వీధి పంపు దగ్గర పక్కింటామె బిందె నా బిందె పక్కనుంచి జరిపి పెట్టుకుంది.

"మంచిపని చేసినావులే వదినా. నీకు గుమ్మిడిపూండి ఉండాది. మాకెవరున్నారు?"

"వదినా, నేను..."

"నేనేమన్నా అన్నానా? పిల్ల సదువుకోనీ." బిందె నిండకముందే ఎత్తుకుని పోయింది.

మిగిలిన ఏడుగురిలో ఇద్దరిని అప్పోసప్పో చేసి ప్రైవేటు బడి వ్యాను ఎక్కించారు. అయిదుగురు మా బడిలో చేరారు, పక్కింటామె మనవడితో సహా. ఆగస్టులో అధికారులు ప్రతి బడిలోనూ పిల్లల తలలు లెక్కపెట్టి, ఏ బడికి ఎంతమంది టీచర్లని తేలుస్తారు. ఇద్దరు టీచర్లు ఉండాలంటే కావాల్సిన పేర్లకు మా బడిలో ఒక్క పేరు తక్కువైంది. ఈ మాట ఇన్‌చార్జి సారే నాకు దారిలో ఎదురై చెప్పాడు. నన్ను ఎత్తిపొడవడానికి చెప్పలేదు, ఆయన కష్టం ఆయన చెప్పుకున్నాడు. "ఇంకొక్క పేరుంటే చాలమ్మా, రెండో టీచరును నిలబెట్టుకునుందును," అన్నాడు. నేను ఎండలో నిలబడే ఉన్నాను, ఆయన వెళ్ళిపోయాడు.

చిన్న టీచరమ్మను రోడ్డు బడికి మార్చారు. అక్కడ పిల్లలు పెరిగారు కదా. పెరిగినచోటికి ఇస్తారు, తగ్గినచోట తీసేస్తారు. తీసేశారు కాబట్టి ఇంకా తగ్గుతారు, తగ్గారు కాబట్టి ఇంకా తీసేస్తారు. దీనికి అధికారి అక్కర్లేదు, లెక్క చాలు.

సెప్టెంబరులో మా బడి కమిటీ కూర్చుంది. యూనియన్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. అయిదు తరగతులకు ఒకే సారు ఎట్లా చెబుతాడు, ఆయన ఆఫీసుకు పోయిన రోజు పిల్లలను ఎవరు చూస్తారు అని నేను లేచి అడిగాను. అధికారి నా మాట అంతా విన్నాడు. పక్కన ఉన్నవాళ్ళను ఏదో అడిగాడు. తర్వాత నవ్వి, తమిళంలో అన్నాడు.

"మీ మనవరాలు చదివేది రోడ్డు బడిలో కదమ్మా? ఈ బడి గురించి మీరెట్లా మాట్లాడతారు?"

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన నవ్వుతూ అడిగాడు. గదిలో అందరూ నేల చూశారు. ఒక్క సీటు ఇచ్చి నా నోరు కొనుక్కున్నారని నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళు అనుకుని కొన్నారో లేదో కూడా తెలియదు. కొన్నారు మాత్రం నిజం.

వెనక నుంచి పక్కింటామె లేచింది. అప్పటికి రెండు నెలలుగా ఆమె నాతో మాట్లాడడం లేదు.

"ఆయమ్మ మాట్లాడకూడదంటే నేను మాట్లాడతా సార్. నా మనవడు ఈడనే సదువుతా ఉండాడు. నువ్వు కూర్చో వదినా." నా వైపు చూడకుండానే అంది. "చెప్పండి సార్. నిన్న వాడు ఏం నేర్చుకొచ్చినాడో తెలుసా? ఏమీ లేదు. మూడో క్లాసు పిల్ల వాడికి ఆనా ఆవన్నా దిద్దించింది. ఆ పిల్లకు మీరు జీతం ఇస్తా ఉండారా?"

తమిళ అక్షరాలు ఒక తొమ్మిదేళ్ళ పిల్ల దిద్దిస్తోందని విని అధికారి ఏదో రాసుకున్నాడు. చూస్తామన్నాడు. ఆమె కూర్చోలేదు. ఏ రోజు చూస్తారో చెప్పేవరకూ నిలబడే ఉంది. ఆయన రోజు చెప్పలేదు. మీటింగు ఆమె నిలబడి ఉండగానే అయిపోయింది.

ఇది జరిగి మూడు నెలలు దాటింది. రెండో టీచర్ రాలేదు. మా మనవరాలు ఇంటికొచ్చి ఇంగ్లీషు పాటలు పాడుతుంది, చేతులు తిప్పుతూ బాగా పాడుతుంది. అది పాడుతుంటే నేను వీధి తలుపు వేస్తున్నాను. పక్కింటికి వినబడుతుందని. ఒక బిడ్డ చదువుకుంటోందని సంతోషపడనివ్వకుండా, పక్కింటి బిడ్డ ముందు తల ఎత్తనివ్వకుండా చేసిన ఆ కాగితాన్ని నేను క్షమించను. అందులో నా పేరు ఉన్నందుకు నన్నూ క్షమించుకోను.

ఈ సోమవారం వాళ్ళు అయిదు ఇళ్ళ వాళ్ళూ మళ్ళీ తిరువళ్ళూరు పోతున్నారు. ఈసారి గీత తీసెయ్యమని కాదు, గీత లోపల టీచరును పెట్టమని అడుగుతారట. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. పొద్దుటి రైలుకు వాళ్ళకంటే ముందే స్టేషనుకు పోయి నిలబడతాను. పొమ్మంటే పక్క పెట్టె ఎక్కుతాను.